కుర్ర గుర్రానికి సీజన్‌లో ఎన్ని పోటీలు?

వానలు తగ్గుముఖం పట్టగానే బెంగళూరు ఉత్తర శివార్లలో గుర్రపు స్వారీ పోటీల సందడి మొదలవుతుంది. యెలహంక దాటి దేవనహళ్లి వైపు వెళ్తే, అక్కడి రైడింగ్ స్కూళ్లలో అక్టోబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా ఖాళీగా ఉండే వారాంతాలు తక్కువ. స్కూళ్లు సొంతంగా పెట్టుకునే షోలు, ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కింద జరిగే ప్రాంతీయ లీగులు, జూనియర్ నేషనల్స్, మధ్యలో పక్క ఊళ్ల పోటీలు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. అరీనా గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రుల మధ్య తెలుగు మాటలు కూడా బాగానే వినిపిస్తాయి. ఐటీ ఉద్యోగాలకు వచ్చి మారతహళ్లి, బెళ్లందూరు వైపు స్థిరపడిన కుటుంబాలు పిల్లలను మొదట ఆదివారం సరదాకే తీసుకొస్తాయి. పిల్లకు ఆసక్తి కుదిరితే గుర్రాన్ని లీజుకు తీసుకోవడం, ఆ తర్వాత కొనడం దాకా వెళ్తాయి. శిక్షణ పూర్తయిన గుర్రం ధర అందదు కాబట్టి, చాలామంది చేతికి వచ్చేది నాలుగైదేళ్ల కుర్ర గుర్రమే. ఆ గుర్రాన్ని ఈ సీజన్‌లో ఎన్ని పోటీలకు తీసుకెళ్లాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

సమాధానం చాలా ఇళ్లలో పిల్లల వయసును బట్టి తేలిపోతోంది. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ నిబంధనల ప్రకారం చిల్డ్రన్ విభాగం 12 నుంచి 14 ఏళ్ల వారికి, జూనియర్ విభాగం 14 నుంచి 18 ఏళ్ల వారికి, యంగ్ రైడర్ విభాగం 16 నుంచి 21 ఏళ్ల వారికి. "ఈ ఏడాది దాటితే పాప పై కేటగిరీకి వెళ్లిపోతుంది సార్, ఇప్పుడే పతకం కొట్టాలి" అనే టెన్షన్ అర్థం చేసుకోదగినదే. పదో తరగతి, ఇంటర్ ఎలాగూ తరుముకొస్తుంటాయి. కానీ గుర్రం శరీరం ఎదిగే వేగం వేరు. దాన్ని పిల్లల కేటగిరీకి సరిపెట్టే ప్రయత్నంలోనే ఎన్నో మంచి గుర్రాలు ఏడెనిమిదేళ్లకే కుంటివై మూలన పడుతున్నాయి.

పై స్థాయిలో గుర్రాల వయసు ఎంతో ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. బార్ల మీదుగా గుర్రాన్ని దూకించే షో జంపింగ్‌కు ఒలింపిక్స్‌లో గుర్రం వయసు కనీసం 9 ఏళ్లు ఉండాలి. బెంగళూరులోనే పుట్టి పెరిగిన ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల ఈవెంటింగ్‌లో (క్రమబద్ధమైన నడకలు, మైదానంలో పరుగు, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) వ్యక్తిగత రజతం గెలిచి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచాడు. రెండు చోట్లా అతని గుర్రం సెన్యోర్ మెడికాట్. టోక్యో నాటికి దాని వయసు 15. కుర్ర గుర్రాలకు అంతర్జాతీయ పోటీలు లేకపోలేదు. బెల్జియంలోని లానకెన్‌లో 5, 6, 7 ఏళ్ల జంపింగ్ గుర్రాలకు ప్రపంచ పోటీలు జరిగాయి. ఫ్రాన్స్‌లోని లె లియాన్ దాంజేలో ఈవెంటింగ్ గుర్రాలకు జరిగేవి 6, 7 ఏళ్ల వాటికే. అక్కడ ఒక్కో వయసుకు ఒక్కో తరగతి ఉంటుంది, ఎత్తులు కూడా వయసును బట్టే పెరుగుతాయి. మన దగ్గర నాలుగున్నరేళ్ల గుర్రం, అనుభవమున్న పన్నెండేళ్ల గుర్రం చాలాసార్లు ఒకే క్లాసులో (షోలో ఒక్కో ఎత్తుకు పెట్టే విడి పోటీ), ఒకే గడియారం మీద పోటీ పడతాయి. పిల్లల పాయింట్ల కోసం పెట్టిన క్లాసు కాబట్టి గుర్రం వయసును ఎవరూ అడగరు.

ఇక్కడ గమనించని ఇంకో చిక్కు ఉంది. పోటీల లెక్కలో గుర్రం వయసు జనవరి 1న మారుతుంది. మన సీజన్ సరిగ్గా ఆ తేదీకి అటూ ఇటూ నడుస్తుంది. డిసెంబరు షోలో నాలుగేళ్లదిగా దిగిన గుర్రం జనవరి షోకు ఐదేళ్లదవుతుంది. కాగితం మీద ఒక ఏడు గడిచింది కాబట్టి ఎత్తు పది సెంటీమీటర్లు పెంచుదామనిపిస్తుంది. నిజానికి మధ్యలో గడిచింది మూడు నాలుగు వారాలే.

ఎముకల సంగతికి వద్దాం. గుర్రం కాళ్లలో పొడవాటి ఎముకల చివర్లు చాలావరకు రెండున్నర, మూడేళ్ల లోపు గట్టిపడతాయి. వెన్నెముకకు మాత్రం ఐదారేళ్లు పడుతుంది. జీను కూర్చునేది, జంప్ మీద వంగేది ఆ వెన్ను మీదే. పైగా శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో బలపడవు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో కుదుటపడతాయి, కండరం కొన్ని నెలల్లో తేలుతుంది. ఎముక, స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), కీలు దగ్గరి మృదులాస్థి వెనకబడే ఉంటాయి. అందుకే రెండు నెలల శిక్షణ తర్వాత కుర్ర గుర్రం చూడటానికి నిగనిగలాడుతూ, ఆయాసం లేకుండా కోర్సు (వరసగా పెట్టిన జంపులు) పూర్తి చేస్తుంది. "ఇంకా ఊపు ఉంది, ఇంకో క్లాసులో దింపుదాం" అనిపించేది ఆ క్షణంలోనే. అలసట తెలియనంత మాత్రాన కాళ్లు సిద్ధంగా ఉన్నట్టు కాదు.

అయితే కుర్ర గుర్రాన్ని పని లేకుండా నిలబెట్టడమూ మేలు కాదు. ఎముక బరువు పడితేనే బలపడుతుంది. చిన్నప్పటి నుంచి బయట తిరిగిన గుర్రాల ఎముకలు లాయంలోనే పెరిగిన వాటికన్నా దిట్టంగా ఉంటాయి. ఎముక బలపడటానికి ఎక్కువ సార్లు దూకనక్కర్లేదు. కొద్దిసేపు చురుకైన పని, ఆ తర్వాత చాలినంత విరామం ఉంటే చాలు. బరువు పడినప్పుడు శరీరం ముందు దెబ్బతిన్న ఎముక భాగాన్ని తొలగిస్తుంది. ఆ తర్వాతే కొత్త ఎముక నింపుతుంది. తొలగింపు కొన్ని వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఎముక ముందుకన్నా కాస్త బలహీనంగా ఉంటుంది. వరసగా నాలుగు వారాంతాలు పోటీలు పెడితే దెబ్బ మీద దెబ్బ పడేది ఆ బలహీన దశలోనే. నెల రోజులు పూర్తిగా ఆపేసి, నేరుగా పోటీకి తీసుకెళ్లినా ప్రమాదం అంతే. ఈ రెండో తప్పు పరీక్షల సెలవుల తర్వాత ఎక్కువగా జరుగుతుంది.

బెంగళూరులో స్థలం ఖరీదు కాబట్టి చాలా గుర్రాలకు రోజులో ఇరవై మూడు గంటలు లాయమే. ఒక గంట పని, అది కూడా జంపులతో నిండిన పని. పోటీలు తగ్గించడం కన్నా ముందు చక్కబెట్టవలసింది ఇదే. రోజుకు మూడు నాలుగు గంటలు ప్యాడాక్‌లో (కంచె వేసిన ఖాళీ మైదానం) వదలడం, వారానికి రెండు రోజులు దేవనహళ్లి ద్రాక్షతోటల పక్కన మట్టి దారుల్లో నింపాదిగా నడిపించడం వల్ల కాళ్లకు కలిగే మేలు ఏ ఖరీదైన మందుతోనూ రాదు.

ఎముకల తర్వాత ఎవరూ పెద్దగా పట్టించుకోనివి పళ్లు. రెండున్నర ఏళ్ల నుంచి ఐదేళ్ల మధ్య గుర్రానికి 24 పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ముందుపళ్లలో చివరి జత మారేది నాలుగున్నర ఏళ్లప్పుడు. మగ గుర్రాలకు నాలుగు, ఐదేళ్ల మధ్య కోరపళ్లు కూడా మొలుస్తాయి. సరిగ్గా ఆ వయసులోనే నోట్లో ఇనుప బిట్ పెట్టి మలుపులు తిప్పుతున్నాం. తల ఎగరేస్తోంది, ఒక వైపు తిరగనంటోంది, కళ్లెం మీద బరువు వేస్తోంది అని రైడర్ ఫిర్యాదు చేసినప్పుడు కోచ్‌కన్నా ముందు పళ్లు చూసే వెటర్నరీ డాక్టరును పిలవాలి. ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకు ఒకసారి నోరు చూపించడం మంచిది. మొండితనం అనుకున్నది చాలాసార్లు నొప్పిగా తేలుతుంది.

రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ గుర్రాల గురించి విడిగా చెప్పాలి. బెంగళూరులో రేసులు ఉన్నాయి, తుమకూరు జిల్లాలో కుణిగల్ స్టడ్ ఫారం ఉంది. అందుకే నాలుగైదేళ్లకు రేసుల నుంచి తప్పించిన గుర్రాలు రైడింగ్ స్కూళ్లకు తేలిగ్గా చేరతాయి. అవి జనాన్ని చూశాయి, ట్రక్కు ఎక్కాయి, మైకు చప్పుడుకు అలవాటు పడ్డాయి. దాంతో ఆరితేరినవిగా కనిపిస్తాయి. కానీ రెండేళ్ల వయసు నుంచి తిన్నగా వేగంగా పరుగెత్తిన ఆ శరీరానికి నెమ్మది క్యాంటర్ (నింపాదైన దౌడు) తెలియదు, చిన్న వలయంలో తూగు తెలియదు, జంప్ అసలే తెలియదు. కాళ్లు అప్పటికే ఎంతో పని చేసి ఉంటాయి. రేసుల నుంచి వచ్చిన గుర్రానికి మొదటి సీజన్ మొత్తం పోటీ లేకుండా ఇవ్వడమే న్యాయం. ఆ ఓపిక పట్టినవారికి అవి ఎంతో నమ్మకంగా పనిచేస్తాయి.

ప్రయాణాల భారం లెక్కల్లోకి రావడం లేదు. బెంగళూరు నుంచి హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 570 కిలోమీటర్లు. చెన్నై 350 దాకా ఉంటుంది. ఢిల్లీ పోటీలకైతే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. కారులో వెళ్లే కుటుంబానికి హైదరాబాద్ ఒక పగటి ప్రయాణం. ట్రక్కులో నిలబడిన గుర్రానికి ప్రతి మలుపూ, ప్రతి బ్రేకూ ఒక కసరత్తు. అనంతపురం, కర్నూలు మధ్య మధ్యాహ్నపు ఎండ శీతాకాలంలోనూ చురుక్కుమంటుంది కాబట్టి రాత్రి బయల్దేరడం మేలు. ఎండ కన్నా పెద్ద ప్రమాదం తలను పైకి కట్టేయడం. గుర్రం తల దించితేనే ఊపిరితిత్తుల్లోని మురికి బయటికి జారుతుంది. గంటల తరబడి తల ఎత్తి ఉంచితే ఆ మురికి లోపలే నిలిచి ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది. నాలుగు గంటలకోసారి బండి ఆపి, తాడు వదులు చేసి, నీళ్లు, గడ్డి నేలమీదే పెట్టాలి. చేరాక రెండు మూడు రోజులు పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూడాలి. 38.5 డిగ్రీలు దాటితే పోటీ మాట పక్కనపెట్టి డాక్టరును పిలవాల్సిందే.

చేరిన రాత్రి ఇంకో సమస్య. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కానీ గాఢనిద్రలో కలలొచ్చే దశ పడుకుంటేనే వస్తుంది. రోజుకు అరగంట నుంచి గంట దాకా ఆ నిద్ర కావాలి. కొత్త ఊరు, ఇరుకైన తాత్కాలిక లాయం, రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్లు, పక్కన తెలియని గుర్రాలు. ఇలాంటి చోట ధైర్యం చాలని కుర్ర గుర్రం పడుకోనే పడుకోదు. మూడు రోజుల షోలో మూడు రాత్రులూ అలాగే గడిచిపోవచ్చు. చివరి రోజు తేలికైన జంప్ దగ్గర కాలు తగిలిందంటే దానికి కారణం రైడర్ చేతిలో కాకుండా ఆ రాత్రుల్లోనే ఉండవచ్చు. గుర్రాన్ని చూసుకునే అనుభవమున్న సైసు తెల్లవారగానే ముందు తోకనూ డొక్కనూ చూస్తాడు. కింద పరిచిన రంపపు పొట్టు అంటుకుని ఉంటే గుర్రం పడుకుందని అర్థం. శుభ్రంగా ఉంటే పడుకోలేదు. ఈ చిన్న విషయాన్ని రోజూ ఒక పుస్తకంలో రాయించే స్కూళ్లు అరుదు. రాయిస్తే పోటీ నుంచి ఎప్పుడు తప్పించాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఒక రోజు ముందే చేరుకోవడం, మందంగా పరుపు వేయడం, ఇంటి దగ్గర పక్క లాయంలో ఉండే గుర్రాన్నే పక్కన కట్టడం వల్ల నిద్ర పడుతుంది. సైసుల జీతం, వాళ్లకు షోలో పడుకునే చోటు గురించి పట్టించుకోని యజమాని, గుర్రం నిద్ర గురించి ఏమీ తెలుసుకోలేడు.

మేత విషయంలో ఒక్క మాట. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. అందుకే క్లాసుకు ముందు కడుపు ఖాళీగా ఉంచాలన్న పాత అలవాటు అల్సర్లకు దారి. దాణా వద్దు గానీ, కాస్త ఎండుగడ్డి తప్పకుండా పెట్టాలి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన సామెత. విశ్రాంతి రోజుల్లో మాత్రం దాణా తక్కువే ఉండాలి. పని ఆపి ఉలవలు, ఓట్స్ అదే మోతాదులో పోస్తే, మళ్లీ పని మొదలుపెట్టిన రోజు కండరాలు బిగుసుకుపోయే జబ్బు వస్తుంది.

పోటీలు ఎన్ని అని అడిగేవాళ్లు నిజంగా లెక్కపెట్టవలసినవి జంపులు. ఒక రౌండులో పది జంపులు, వార్మప్‌లో మరో పది అనుకుందాం. రోజుకు రెండు క్లాసుల చొప్పున మూడు రోజులకు 120. జంప్ దిగిన ప్రతిసారీ బరువంతా ముందు కాళ్ల మీదే పడుతుంది. స్కూలు గుర్రమైతే సంగతి ఇంకా ఘోరం. ముగ్గురు పిల్లలు ఒకే గుర్రాన్ని ఎక్కి రెండేసి క్లాసులు ఆడితే ఆ 120 ఒక్క రోజులోనే పూర్తవుతాయి. ప్రతి తల్లికీ తన పిల్ల ఆడిన రెండు రౌండ్లే కనిపిస్తాయి. గుర్రానికి ఆరు. ఏ నిబంధన పుస్తకంలో ఏం రాసి ఉన్నా, ఆరేళ్లు నిండని గుర్రానికి రోజుకు ఒక్క క్లాసు, ఒక్క రైడర్ అని స్కూళ్లు తమంతట తామే కట్టుబడాలి. ఆదాయం తగ్గుతుంది, నిజమే. నాలుగేళ్లకోసారి కొత్త గుర్రం కొనే ఖర్చుతో పోల్చి చూస్తే ఆ తగ్గుదల పెద్దదేం కాదు. వార్మప్‌లోనూ పొదుపు కావాలి. ఆత్మవిశ్వాసం కోసమని రైడర్ మళ్లీ మళ్లీ దూకిస్తాడు. నాలుగైదు మంచి జంపులు పడ్డాక ఆపేయాలి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఐదు నెలలు. నాలుగేళ్ల గుర్రానికి ఆ ఐదు నెలల్లో రెండు మూడు షోలు చాలు. అందులో మొదటిది ఎంట్రీ లేకుండా ఊరికే తీసుకెళ్లి చూపించి రావడానికి. ఐదేళ్ల గుర్రానికి నాలుగైదు దాకా పోవచ్చు. ఇది ప్రయోగశాల లెక్క కాదు. ఇక్కడి దూరాలను, లాయాలను బట్టి వేసుకోగలిగిన అంచనా. రెండు షోలు దగ్గర దగ్గరగా పెట్టుకుని, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు పోటీ లేకుండా వదిలే పద్ధతి, సీజనంతా విడివిడిగా చల్లడం కన్నా మెరుగు. గుర్రం మొదటి షోలో భయపడి నేర్చుకున్నది రెండో షోలో వాడుకుంటుంది, తర్వాత శరీరానికి తేరుకునే సమయం దొరుకుతుంది. షో నుంచి తిరిగొచ్చాక రెండు రోజులు చేత్తో పట్టి నడిపించడం, ప్యాడాక్. ఆపై నడక దారులు, జంపులు లేని చదును పని. వారం పది రోజుల దాకా జంప్ వద్దు. ఆ విరామంలో నేర్చుకున్నది మరిచిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. రోజూ పాఠం చెప్పిన గుర్రం కన్నా మధ్యలో రోజులు వదిలి చెప్పిన గుర్రం తక్కువ పాఠాలతోనే పట్టుకుంటుందని చాలా ఏళ్ల క్రితమే ప్రయోగాల్లో తేలింది.

ఎత్తు విషయంలో పాత కోచ్‌లు పాటించే పద్ధతి మంచిది. ఇంటి దగ్గర మీటరు పది సెంటీమీటర్లు సుఖంగా దూకే గుర్రాన్ని షోలో 90 సెంటీమీటర్లకే దింపాలి. గుర్రం క్యాంటర్ అడుగు సుమారు 3.6 మీటర్లు అన్న లెక్క మీద కోర్సు కడతారు. రెండు జంపుల మధ్య 18 మీటర్లు ఉంటే, దిగడానికీ ఎగరడానికీ కలిపి ఒక అడుగు దూరం పోను నాలుగు అడుగులు. తూగు కుదరని కుర్ర గుర్రం అడుగు ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా పడుతుంది. ఎత్తు తక్కువైతే ఆ తప్పుకు శిక్ష ఉండదు, అది తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుంది. ఎత్తు ఎక్కువైతే బార్ మోకాలికి తగులుతుంది. రెండుసార్లు అలా తగిలాక ఆగిపోవడం నేర్చుకుంటుంది. ఆగడం అలవాటైన గుర్రాన్ని మళ్లీ దారికి తేవడానికి ఒక సీజన్ సరిపోదు. తప్పు లేకుండా ముగించినవారి మధ్య గడియారం మీద జరిగే జంపాఫ్ అయితే ఈ వయసులో అసలే వద్దు. ఒక్క బారూ పడకుండా క్లియర్ రౌండ్ వచ్చిందంటే నడిపించుకుని బయటికి వచ్చేయడమే. జంపాఫ్‌కు అర్హత వచ్చాక వద్దనుకోవడం పదమూడేళ్ల పిల్లకు కష్టం. అందుకే ఆ నిర్ణయం ఎంట్రీ రోజే పిల్లతో మాట్లాడి చేయాలి. గేటు దగ్గర చెబితే కన్నీళ్లే.

తప్పించవలసిన సూచనలు పెద్ద కుంటుతోనే మొదలు కావు. దాణా వదిలేయడం, జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి వేయడం, ఎప్పుడూ లేనిది క్యాంటర్‌లో ఒక వైపు తిరిగేటప్పుడు ముందుకు వేసే కాలు మార్చలేకపోవడం, పొద్దున ముందు కాలి స్నాయువు మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగలడం. రౌండు అయిపోయిన పావుగంటకు కూడా గుండె నిమిషానికి 60కి పైనే కొట్టుకుంటూ ఉంటే, ఆ రోజుకు అంతే. ఎంట్రీ ఫీజు, ట్రక్కు ఖర్చు అప్పటికే పోయాయి. ఆడినా అవి తిరిగి రావు. నొప్పి తెలియకుండా మందు వేసి ఆ ఒక్క రోజు నడిపిద్దామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. నొప్పి తెలియని కాలు మీద పూర్తి బరువు వేసే గుర్రానికే స్నాయువు తెగుతుంది. పోటీల్లో అలాంటి మందుల వాడకం మీద నిషేధం ఉన్నది కూడా ఇందుకే.

చివరి షో తర్వాత బెంగళూరులో ఎండలు మొదలవుతాయి. ఏప్రిల్, మే నెలలు కుర్ర గుర్రానికి సహజమైన సెలవు. లాడాలు తీయించి, డెక్కలు చెక్కించి, ప్యాడాక్‌లో వదిలితే నాలుగు నుంచి ఆరు వారాల్లో బెరుకు తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. జూన్‌లో మళ్లీ పట్టుకున్నప్పుడు మొదటి మూడు నాలుగు వారాలు నడక, కాస్త ట్రాట్ మాత్రమే. ఆ తర్వాత క్యాంటర్. నేలమీద పరిచిన బార్లు, చిన్న జంపులు ఆగస్టుకు. అక్టోబరు షో ఎంట్రీ ఫారం నింపే ముందు పళ్లు, వీపు, జీను ఒకసారి చూపించాలి, ఎందుకంటే ఎదిగే గుర్రానికి మార్చిలో సరిపోయిన జీను అక్టోబరుకు సరిపోదు.